సైనికుడి కోటుకి సబ్బునీళ్ళు

కరోనా రోజుల్లో కొడుకింటికని డ్రెస్డెన్ వచ్చి చిక్కుకుపోయిన అత్తగారు, బయటినుంచి ఏ వస్తువొచ్చినా సబ్బునీళ్ళలో ముంచందే ఊరుకునేవారు కాదు. ఆ ఉదయం బాల్కనీలో ఆరేసినవి చూసి కోడలు పరుగెత్తుకొచ్చింది.

“అత్తయ్యా! ఆ నీలం కోటు ఉతికేశారా?”

“పక్కింటి ముసలాయన సంచిలో పెట్టిచ్చాడుగా. ఎన్ని చేతులు తగిలాయో ఏమో!”

“వాళ్ళ ముత్తాత నూట అరవై ఏళ్ళ కిందట అమెరికా వెళ్ళి, అక్కడి అంతర్యుద్ధంలో వేసుకున్న యూనిఫాం అది! రేపు మ్యూజియంలో అప్పజెప్పడానికి అపాయింట్‌మెంట్ దొరికిందని, తను బయటికెళ్ళలేక నాకిచ్చాడు.”

“నూట అరవై ఏళ్ళల్లో ఒక్క కోడలూ ఉతకలేదా? ఛాతీ మీద ఎంత మరకో!”

“ఆ మరక ఉందా?”

“నా చేతిలో పడ్డాక ఉంటుందా? చిల్లు కూడా కుట్టేశాను.”

“తూటా తగిలిన చిల్లది! మ్యూజియం వాళ్ళు అడిగిందే దానికోసం. ఆయనకిప్పుడేం చెప్పను?”

“మీ ముత్తాతకి అసలు దెబ్బే తగల్లేదని చెప్పు. పాపం, సంతోషిస్తాడు.”