నోరులేని పిల్లకు బీపీ

"అమ్మమ్మా, నాకు బీపీ ఎందుకొస్తది? నాకసలు కోపమే రాదు గద. కడుపుతోని ఉన్నవ్, చూయించుకో చూయించుకో అని ఊకె అంటున్నరు."

అగో, గదే మాట నేను గూడ అన్న బిడ్డా. గిట్ల కూసో, కాళ్లు చాపుకో. ఎప్పుడంటవ్, మీ లతత్త నీలెక్కనే కడుపుతోని ఉన్నప్పుడు. గుమ్మడిదల కాడ గీ ఇంట్లనే. సిస్టరమ్మ వచ్చి దండచెయ్యికి పట్టీ కట్టి, గాలి కొట్టి, "బీపీ ఎక్కువుంది" అన్నది. నాకు నవ్వొచ్చింది. మనకు బీపీ అంటే కోపమే గద! "వానికి బీపీ లేసింది" అంటం. అది మీ తాతకుండె. కూరల ఉప్పు తగ్గితె పళ్లెం వాకిట్లకు ఇసిరేటోడు. నా కోడలు గట్లనా? నోరులేని పిల్ల. నేను నాలుగు మాటలన్నా, ఊఁ అనుకుంట బోళ్లు తోముకునేది.

ఇగ ఇంట్ల అందరికి చెప్పిన, పిల్లకు కోపం తెప్పియ్యకుర్రి అని. టీవీల అత్తాకోడండ్లు కొట్లాడే సీరియల్ గూడ బంద్ జేసిన. నాకెంత పానమో ఆ సీరియలంటే! అయినా బీపీ దిగలే. కాళ్లు వాసె. ఒకనాడు పొద్దుగాల వాకిట్ల సాన్పి జల్లి ముగ్గేస్తున్న పిల్ల, గట్లనే నిలబడిపోయింది. "అత్తమ్మా, ముగ్గు కనవడ్తలేదు, కండ్ల ముందట అంత మసక" అన్నది. మీ మామ అప్పుడే ఊరి పక్క మందుల కంపెనీల డ్యూటీ దిగి వచ్చిండు. ఆటోల ఏసుకొని సంగారెడ్డి పెద్ద దవాఖానకు ఉరికినం.

ఆడ డాక్టరమ్మ, నీ ఈడుదే ఉంటది, నన్ను కూసోబెట్టి చెప్పింది. "పెద్దమ్మా, గీ బీపీకి కోపంతోని పనిలే. నరాలల్ల రక్తం జోరుగ కొడ్తది, పైకి ఏం తెల్వదు. తల్లికీ బిడ్డకూ ఇద్దరికీ పానం మీదికొస్తది" అన్నది. మీ ఇల్లేడ అని అడిగింది. తెల్లారకముందు మబ్బుల కంపెనీల పొగ కమ్ముకుంటదా అన్నది. కమ్ముకోకేం తల్లీ, కుళ్లిన గుడ్ల వాసన, కండ్లు మండుతయి, చలికాలమైతే నేలకే అంటుకొని ఉంటది అన్న. "గదొక్కటే కారణమని నేననను, వేరేయి గూడ ఉంటయి. గని గసొంటి గాలి పీల్చే గర్భిణులల్ల ఈ బీపీ ఎక్కువ కనవడుతున్నదని చెప్తున్నరు" అన్నది.

నేను నోరు తెరిచిన బిడ్డా. గాలి ముక్కులకు పోతది, మళ్ల బయటికొస్తది, గంతే అనుకుంటిమి. అది రక్తం దాక పోతదట! మా చిన్నప్పుడు గీ దిక్కంతా జామతోటలు, రూపాయిస్తే కొంగు నిండ పండ్లు పోసేటోళ్లు... అగో, ఏడికో పోయిన. ఏం చెప్తున్న? ఆఁ, గాలి. కంపెనీలను తిడదామంటే మీ మామ జీతం గూడ ఆడిదేనాయె. తినే బువ్వ, పీల్చే పొగ ఒక్క గేటులకెళ్లే వస్తయి మనకు. నాకు సమజ్ గానిది ఒక్కటే. కడుపుల బిడ్డ ఇంక ఒక్కపారన్న ముక్కుతోని పీల్చలే గద, మరి దాని దాక ఎట్ల పోయె? ఎంత లోతుకు పోయె!

నెలలు నిండకముందే ఆపరేషన్ జేసి తీసిర్రు. లత బతికింది. ఆడపిల్ల. గింతంత, నా రెండు అరచేతులల్ల పట్టేటంత. ఏడుస్తలేదు. నీలంగుంది. నన్ను తలుపు కాడ్నే ఆపిర్రు, అద్దంలకెళ్లి చూస్తున్న. సిస్టర్లు ఈపు రుద్దుతున్నరు, ఆ చిన్న ఎద లేస్తలేదు. అప్పుడు నేనేమన్ననో తెల్సా? అద్దానికి నొసలు ఆనిచ్చి, "పీల్చు తల్లీ, ఒక్కపారి పీల్చు" అన్న. ఏ గాలినైతే అప్పటిదాక తిట్టుకున్ననో, దాన్నే పీల్చుమని బతిమిలాడుకుంటున్న! ఇంకో గాలి ఏడిది బిడ్డా మనకు?

పీల్చింది. కెవ్వుమన్నది.

గందుకే చెప్తున్న, రేపు పొద్దెక్కినంక పోయి చూయించుకో. తలకాయ నొచ్చినా, కండ్లు మసకలైనా ఊకుండకు, నన్ను లేపు. నా తల్లే... సల్లగుండు. నీకు పుట్టేదానికి మొదటి ఊపిరన్న జెర మంచిది దొరకాలె... గంతకంటే ఏమడుగుత దేవున్ని...