ఎడమ గొట్టం

తుపాకులు బాగుచేసే దుకాణం. పట్టపగలు. మేస్త్రీ, ఆయన బావమరిది.

"ఆగాగు. మళ్లీ చెప్పు. మొదటి దెబ్బకి బిగుతు చోకా? గొట్టం మూతిని ఇరుకు చేసేదా?"

"అవును బావా. మొదటిది బిగుతు, రెండోది వదులు."

"మతి ఉండే మాట్లాడుతున్నావా? నీ మట్టి పళ్లెం ఎక్కడ పగులుతుంది? యంత్రం విసిరీ విసరగానే, ఇదిగో, ఇక్కడ, కాళ్ల దగ్గర. దానికి వదులు గొట్టం కావాలి. తూటాలోని సీసపు రవ్వలు చాటంత విచ్చుకోవాలి. బిగుతు పెట్టావంటే అన్నీ గుప్పెడు ముద్దై పక్కనుంచి పోతాయి."

"తెలుసు బావా."

"ఏం తెలుసు నీ మొహం! బిగుతు అనేది దూరానికి. నువ్వు మొదటి పళ్లెం కొట్టేలోగా రెండోది ఎక్కడికో పోతుంది చూడు, దాన్ని కొట్టేవాడికి. అంటే నాకు. ఇన్నేళ్ల నుంచి జోడీ పోటీల్లో ముందు చోటు నీది, వెనక చోటు నాది. ఇది కూడా నీకు నేనే చెప్పాలా?"

"చెప్పక్కర్లేదు. నేనన్నట్టు చెయ్యి, చాలు."

"చెయ్యనన్నానా? కొత్త తుపాకీ, ముచ్చటపడి కొనుక్కున్నావు, నీ ఇష్టం. కానీ… ఉండుండు. ఒరేయ్."

"ఏంటి?"

"వెనక చోటుకి సరిపోయేలా చెయ్యమంటున్నావంటే, ఈ తుపాకీ నీక్కాదు."

"అదీ…"

"నీక్కాదు కదూ! దొంగ వెధవా! నా తుపాకీ ముసలిదైపోయింది, మూస్తే సరిగ్గా మూసుకోవట్లేదు అని పోయినసారి ఏదో మాటవరసకి అన్నాను. అది మనసులో పెట్టుకున్నావన్నమాట!"

"బావా, అది కాదు…"

"నా చేత్తోనే చేయించి నాకే ఇద్దామని! ఎంత తెలివిరా నీది! మీ అక్క కూడా కలిసిందా ఇందులో? రెండ్రోజుల నుంచి ఫోన్లో గుసగుసలు, నేను రాగానే పెట్టేయడం. ఇదా సంగతి!"

"కాసిని మంచినీళ్లిస్తావా?"

"ఆ సీసాలో ఉన్నాయి, తాగు. చెమటలు పడుతున్నాయేంట్రా, దొరికిపోయినందుకా? సరేలే, నేనేం కనిపెట్టలేదు. నాకేం తెలీదు. చెప్పండి సారూ, మీరెవరికో చేయిస్తున్న ఈ తుపాకీకి ఏ చోక్‌లు బిగించమంటారు?"

"ఒక్క గీతది ఒకటి. మూడు గీతలది ఒకటి."

"ఒక్క గీత అంటే గట్టి బిగుతు, గీతలు పెరిగేకొద్దీ వదులు. నా తుపాకీలో ఉన్నవే చెప్పావు, గడుసువాడివి. ఇదిగో, ఒక్క గీతది."

"అది మూడు గీతలది బావా."

"ఏదీ? ఛ, ఈ కిటికీ అద్దాలు తుడిచేవాడు లేడు. వెలుతురు రాదు, పాడూ రాదు. గోటితో తడిమి చూసుకోవాల్సి వస్తోంది. ఒకటి, రెండు… ఆఁ, మూడే."

"ఎండ నీ చేతి మీదే పడుతోంది కదా."

"పడితే?"

"ఏం లేదు. అక్క చెప్పిన డాక్టరు దగ్గరికి వెళ్లావా అని."

"నా కళ్లకేం రోగం రా? నిరుడు కప్పు గెలిచిన కళ్లివి! మీ అక్కకి పనిలేదు, నీకు బుద్ధి లేదు. ఇదిగో, ఇది ఒక్క గీతది. అవునా?"

"అవును. అదే."

"ఇంక ట్రిగ్గర్లు. ముందు ట్రిగ్గర్‌కి కుడి గొట్టం, వెనక ట్రిగ్గర్‌కి ఎడమ గొట్టం, మామూలే. కాబట్టి బిగుతు చోక్ కుడి గొట్టంలో వేస్తున్నా."

"కుడి దాంట్లో వద్దు. ఎడమ గొట్టంలో వెయ్యి."

"ఎడమదాంట్లోనా?"

"ముందు ట్రిగ్గర్‌కి ఎడమ గొట్టం కలుపు."

"అలా ఎడంచేతి వాళ్లకి కలుపుతార్రా."

"అవును బావా."

"నాది కుడి చెయ్యి."

"అవును."

"బట్, భుజానికి ఆనే ఈ చెక్క, ఎటు వంచాలి? ఎటు వంచాల్రా, చెప్పు."

"ఎడమకి."

"పొడుగు?"

"నీదానికంటే రెండు వేళ్లు తక్కువ."

"ఓహో."

"బావా, ముందు కూర్చో."

"కూర్చోవడాలు తర్వాత. ఎవరికిది?"

"పోటీకే."

"దేనికని కాదు, ఎవరికని అడుగుతున్నా. నా పక్కన నిలబడేవాడివి నువ్వు, ఇది నీకు కాదు. నీ పక్కన నిలబడేవాణ్ణి నేను, ఇది నాకూ కాదు. మరి మధ్యలో ఈ మూడోవాడెవడు?"

"అందుకే చెబుదామని…"

"మన క్లబ్బులో ఎడంచేతి వాడు ఆ పళ్ల డాక్టరొక్కడే. వాడేమో నిచ్చెనంత మనిషి, ఇంత పొట్టి బట్ వాడికి చంకలో థర్మామీటరులా ఉంటుంది."

"ఆయన కాదు."

"కాడని నాకూ తెలుసు. పొట్టి చేతులు, ఎడంచెయ్యి, సన్నటి భుజం… ఒరేయ్, నేలచూపులు చూడకు. నా మొహం చూడు. మా అమ్మాయా?"

"కోప్పడనంటే చెబుతా."

"కోప్పడతాను. చెప్పు."

"అమ్మాయికే."

"నా కూతురికి. నా చోటు."

"ఈసారి పోటీకే."

"మరి పోటీ జాబితాలో నా పేరు?"

"మొన్న మారింది."

"ఎవరు మార్పించారు?"

"నేనే బావా."

"బాగుంది. చాలా బాగుంది. ఎప్పట్నుంచి నడుస్తోందీ భాగోతం?"

"వానలు తగ్గినప్పట్నుంచి."

"ఆదివారాలు ఈతకి వెళ్తున్నానని చెప్పేదే నాతో!"

"నాతో మైదానానికి వచ్చేది."

"భుజం మీద కమిలిపోయి నల్లటి మచ్చ ఉంటే, ఏమైందే అని అడిగాను. మెట్ల దగ్గర జారిపడ్డానంది. నేను పిచ్చివాణ్ణి, నిజమే అనుకుని వేడినీళ్ల కాపడం పెట్టాను రా! నా చేత్తో పెట్టాను! ఎన్ని తుపాకీ దెబ్బలు చూసిన చెయ్యిది, అది తుపాకీ తన్నిన మచ్చ అని కూడా పోల్చుకోలేకపోయాను."

"ఆ రోజు చాలా ఏడ్చింది బావా."

"ఏడవనీ. మీ అక్కకి తెలుసా?"

"అక్క…"

"తెలుసా, తెలీదా?"

"తెలుసు."

"అంటే ఇంటిల్లిపాదికీ తెలుసు. నేనొక్కణ్ణే వెర్రివెంగళప్పని. నేను ఇంట్లోకి రాగానే ముగ్గురూ మాట మార్చేసేవాళ్లు, నేనేమో కొత్త తుపాకీ ఇస్తారని మురిసిపోయాను ఇందాక. నువ్వు వింటూ ఊరుకున్నావు!"

"నోరు పెగల్లేదు."

"దానికి తుపాకీ పట్టడం నేర్పింది ఎవరు? నేను కాదూ? నేను మానేశాక నా చోటు నీదేనే తల్లీ అని చెప్పాను. ఆ నాలుగేళ్లు ఆగలేకపోయిందా?"

"ఆగుతాననే అంది. నేనే ఆగనివ్వలేదు."

"నువ్వా?"

"దాన్నేం అనకు. తప్పంతా నాది."

"నా పెళ్లిలో నువ్వు నిక్కర్లేసుకుని నా వేలు పట్టుకు తిరిగావురా. మొట్టమొదట నీ భుజానికి తుపాకీ ఆనించింది నేను. నువ్వు వెనక్కి పడితే పట్టుకుంది నేను. ఇంకెవడైనా ఈ పని చేస్తే పోనీలే పరాయివాడు అనుకునేవాణ్ణి."

"బావా…"

"బావా లేదు, గీవా లేదు. ఎందుకు చేశావో చెప్పు. నిరుడు మనం గెలిచామా, ఓడామా?"

"గెలిచాం."

"నా పళ్లేల్లో ఒక్కటంటే ఒక్కటి తప్పిపోయిందా?"

"పోలేదు."

"చివరిది గుర్తుందా? ఎదురుగాలి. అది మిరియపు గింజంత అయిపోయింది, అయినా వదిలానా? ఒక్క దెబ్బకి పొడిపొడి! నువ్వే కదరా నన్నెత్తుకుని గిరగిరా తిప్పావు?"

"తిప్పాను."

"తప్పంటూ ఉంటే నీదే ఉంది. నీ పళ్లెం పగిలిపోయాక కూడా రెండో తూటా పేల్చేవాడివి. నాది మోగేటప్పటికి నీదీ మోగేది. చెవులకి మూతలు లేకపోతే నాకు చెవుడొచ్చేది. ఏంట్రా ఈ దండగ, గాల్లోకి కాల్చడం అని ఎన్నిసార్లు అడిగాను?"

"అలవాటైపోయింది బావా."

"ఆ పిచ్చి అలవాటుందని నిన్ను నేను వదిలేశానా? చాటుగా ఇంకొకణ్ణి చూసుకున్నానా? కప్పు మీద ఇద్దరి పేర్లూ కలిపే చెక్కారు. ఎవడి పళ్లెం ఎవడు కొట్టాడని ఎవడూ అడగడు. పగిలిందా లేదా, అంతే. జోడీ అంటే అదిరా! ఆ మాట నీకు తెలీదు."

"నాకు తెలుసు బావా. నాకే బాగా తెలుసు."

"తెలిస్తే ఇలా చేసేవాడివి కాదు. నా ఎదురుగా నిలబడి, 'బావా, నువ్వొద్దు' అని ఒక్క ముక్క అంటే అయిపోయేది."

"ఎన్నోసార్లు వచ్చా అందామని. గుమ్మం దాకా వచ్చి, నువ్వు ఆ కప్పు తుడుచుకుంటుంటే చూసి వెళ్లిపోయా."

"మరి ఇవాళెందుకు వచ్చావు? ఊళ్లో ఇంకో మేస్త్రీ దొరకలేదా?"

"నాన్న చేసింది కాకపోతే ముట్టుకోనంది."

"అబ్బో. ఆ మాత్రం ప్రేమ మిగిలిందన్నమాట. తీసుకుపో. నేను చెయ్యను."

"సరే."

"సరే ఏంట్రా, సరే? బతిమాలవా?"

"బతిమాలితే చేస్తావా?"

"చచ్చినా చెయ్యను."

"మరి ఇలా ఇవ్వు, తీసుకెళ్తా."

"వదులు. చెయ్యి వదులు ముందు! రెండు వేళ్లు తక్కువట, ఏం కొలిచావు నువ్వు? దాని మెడ పొడుగు, దవడ ఎముక ఎత్తు. బట్ పైన కాస్త చెక్కకపోతే పేల్చిన ప్రతిసారీ బుగ్గ వాస్తుంది. ఆ భుజం అలా కమిలిందంటే ఊరికే కమిలిందా? నీ పాత తుపాకీయే ఇచ్చి ఉంటావు, కుడిచేతి తుపాకీ, మొద్దు వెధవా."

"ఇంకేం ఇవ్వను? నీది ఇంట్లో బీరువాలో ఉందాయె."

"ఈసారి దాన్ని ఇక్కడికి రమ్మను. భుజం కొలవాలి."

"చేస్తావా బావా?"

"నోర్ముయ్. నీ కోసం కాదు. దాంతో కూడా నేను మాట్లాడను, కొలత తీసుకుని పంపించేస్తా. మీ అక్కతో అయితే ఇంకా తేల్చుకోవాల్సింది చాలా ఉంది. ఆ సంచిలో ఇంకోటేంటి?"

"నా పాతదే. తెచ్చా, దీన్ని కూడా ఓ చెయ్యి చూస్తావని."

"దీనికేమొచ్చింది?"

"ఎడమ గొట్టంలో ఒక్క గీత చోక్ ఉంది చూడు, అది తీసేసి, మునుపటి వదులుది పెట్టెయ్."

"నిరుడు పోటీకి ముందు నా పీక మీద కూర్చుని మరీ పెట్టించుకున్నావు కదరా దాన్ని! వద్దురా, నీ పళ్లెం కాళ్ల దగ్గరేగా, నీకెందుకింత బిగుతు అంటే, ఉండనీ బావా, ఉండనీ బావా అని ఒకటే గోల."

"అవును."

"సరిగ్గా పనిచెయ్యలేదా?"

"బాగానే చేసింది."

"బాగా చేసిందాన్ని తీసెయ్యడం ఎందుకు? అసలు దగ్గరి పళ్లెం కొట్టేవాడివి, ఇంత దూరం పోయే గొట్టంతో నిరుడంతా దేన్ని కొట్టావు?"

"తీసెయ్ బావా."

"అడిగినదానికి చెప్పరా. దేన్ని కొట్టావు?"

"ఇంక దాంతో పన్లేదు బావా. అమ్మాయి తన పళ్లెం తనే కొట్టుకుంటుంది."