మూడూళ్లకు టెన్నిస్ కళ్లాలు పరిచిన దయానందం గారు

1991 జూన్ 3, సోమవారం ఉదయం పదిన్నర గంటలకు శ్రీ దయానందం గారు మదనపల్లె పట్టు పరిశ్రమ కార్యాలయంలో సాంకేతిక అధికారిగా బాధ్యతలు స్వీకరించారు. అప్పటికి వారికి పదిహేడేళ్ల సర్వీసు ఉంది. ఒక చేతిలో బదిలీ ఉత్తర్వు, మరో చేతిలో గుడ్డసంచిలో చుట్టిన టెన్నిస్ రాకెట్టు. హాజరుపట్టీలో సంతకం చేసిన పిమ్మట కొత్తగా వచ్చిన ఉద్యోగి ఎవరైనా తన కుర్చీ ఎక్కడని అడుగుతారు. దయానందం గారు మాత్రం, "మన తోటలో మల్బరీ మొలవని బీడు యాడన్నా ఉండాదా అప్పా?" అని అడిగారు. 2008 మే 31న పదవీ విరమణ చేస్తున్న ఈ మహనీయుని గురించి నాలుగు మాటలు రాయవలసి వచ్చినప్పుడు మాకు మొదట జ్ఞాపకం వచ్చినది ఆ ప్రశ్నే.

ఆ ప్రశ్న వెనుక ఒక బాల్యం ఉంది. వారి మాతృమూర్తి యేసమ్మ గారు ఒక మిషన్ ఆసుపత్రిలో బట్టలుతికే విభాగంలో పనిచేశారు. ఆసుపత్రి ఆవరణలో డాక్టర్లు సాయంకాలం ఆడుకునే మట్టి కోర్టుకు దయానందం గారు సెలవుల్లో నీళ్లు చల్లి, రోలరు లాగి, అందుకు ప్రతిఫలంగా ఆట నేర్చుకున్నారు. మదనపల్లె వాతావరణం సంగతి వేరే చెప్పనక్కరలేదు. కిందనున్న ఊళ్లు పెనంలా కాలే మే నెలలోనూ ఇక్కడ పొద్దు వాలితే చల్లగాలి తోలుతుంది. ఏడాది పొడవునా ఆరుబయట ఆడుకోదగిన ఊరిది. అంత గాలి ఉన్న ఊళ్లో ఆడుకునే చోటు మాత్రం పిడికెడే. మిషన్ ఆవరణలో ఒక కోర్టు, సభ్యులకు తప్ప ఇతరులకు ప్రవేశం లేని క్లబ్బులో రెండు. "గాలిని దేవుడు అందరికీ ఇచ్చినాడు. కోర్టును మాత్రం మెంబర్లకే ఇయ్యమని చెప్పినాడా?" అని వారు అడిగేవారు.

తోట వెనుకనున్న బీడును వారు ఆరునెలల పాటు ఉదయం ఆరింటి నుంచి తొమ్మిదింటి వరకు స్వహస్తాలతో చదును చేశారు. పుట్టమన్ను తోలించారు, పేడనీళ్లు చల్లారు, రాతిగుండుకు ఇరుసు బిగించి రోలరు తయారు చేశారు. పిచ్చి కుదిరింది రోకలి తలకు చుట్టమన్నట్లుందని మేము వెనుక నవ్వుకున్నాం. 1992 సంక్రాంతి నాటికి పట్టణంలోని గుమాస్తాలు, టైలర్లు, కాలేజీ విద్యార్థినులు ఆ కోర్టు దగ్గర వరుసకట్టి నిలబడి ఉండటం చూసి నోళ్లు మూసుకున్నాం. కోర్టుకు ఒకటే నిబంధన: రోలరు లాగిన వారికే రాకెట్టు. తనిఖీకి వచ్చిన పై అధికారి ఒకరు ఆడాలని ముచ్చటపడితే, దయానందం గారు వినయంగా నమస్కరించి రోలరు కాడి చూపించారు. ఆ అధికారి బూట్లు విప్పి, రెండు చుట్లు లాగి, తరువాతే ఆడారు.

1995లో వారు పుంగనూరుకు బదిలీ అయ్యారు. నాలుగు నెలల్లో అక్కడా కోర్టు వెలిసింది. ఇక్కడ వల గురించి కొంచెం చెప్పాలి. పట్టుపురుగుల పడక శుభ్రం చేసేటప్పుడు రైతులు దానిమీద నూలువల పరిచి కొత్త ఆకు వేస్తారు. పురుగులు ఆకు కోసం పైకెక్కుతాయి, కిందనున్న చెత్తను తీసివేయవచ్చు. పాతబడి పక్కన పడేసిన అటువంటి వలలను దయానందం గారి సతీమణి శ్రీమతి షైలజ గారు ఒకదానికొకటి కలిపి కుట్టగా అవే టెన్నిస్ వల అయ్యాయి. మదనపల్లె జట్టుతో మొట్టమొదటి పోటీ ఆదివారం అనగా, శుక్రవారం నాడు ఆ వలను ఉతికి, ఆరబెట్టి, మడిచి వరండాలో ఉంచారు. అటెండరు బాలప్ప దాన్ని పంపిణీకి వచ్చిన వలల కట్టగా భావించి, వచ్చిన రైతుకు ఇచ్చి పంపేశాడు. మా శాఖలో తప్ప ఈ భూప్రపంచంలో మరెక్కడా జరగడానికి వీలులేని పొరపాటిది.

ఆదివారం ఉదయం దయానందం గారు స్కూటరుపై పల్లెపల్లె తిరిగి, చివరికి చెంగమ్మ అనే రైతు ఇంట్లో తమ వలను కనుగొన్నారు. దాని మీద వేలాది పురుగులు తలలెత్తి కదలకుండా ఉన్నాయి. పురుగు కుబుసం విడిచే ఆ ఒకటిన్నర రోజును మా ప్రాంతంలో జ్వరం అంటారు. అవి నాలుగో జ్వరంలో ఉన్నాయి. ఆ సమయంలో కదిలిస్తే పంట దెబ్బతింటుంది. సంగతి విన్న చెంగమ్మ కంగారుపడి, "అయ్యో, ఆపీసు వలా ఇది! ఉండండి సార్, పురుగుల్ని సేటలోకి ఎత్తి వల తీసిస్తా," అని ముందుకు వంగింది.

"వద్దమ్మా, వద్దు. జ్వరంలో ఉండేవాళ్లను యాల లేపేది? ఆట ఎల్లుండయినా ఆడుకోవచ్చు," అని వారు వెనుదిరిగారు.

పుంగనూరు కోర్టు దగ్గర వారు అంటించిన కాగితం ఇప్పటికీ మా కార్యాలయంలో భద్రంగా ఉంది: "పురుగులు నాలుగో జ్వరంలో ఉన్నందున మ్యాచి మంగళవారం సాయంత్రానికి వాయిదా." మదనపల్లె జట్టు నాయకుడు హరీష్ అది చదివి, "మా ఊర్లో వానొస్తే ఆట ఆపుతాం. మీ ఊర్లో పురుగుకు జ్వరమొస్తే ఆపుతారా సామీ!" అని పొట్ట చెక్కలయ్యేలా నవ్వాడు.

మంగళవారం మధ్యాహ్నం చెంగమ్మ వలను ఉతికి, నెత్తిన పెట్టుకుని, పదకొండేళ్ల కూతురు శాలినిని వెంటబెట్టుకుని నాలుగు మైళ్లు నడిచి వచ్చింది. కోర్టును అటూ ఇటూ చూసి పెదవి విరిచింది. "ఏంది సార్, కళ్లమా ఇది? ఇట్లా నెర్రెలిచ్చుంటే రాగులు నిలుస్తాయా? పేడలో రాగిపొట్టు కలిపి అలకల్ల. ఎవురూ సెప్పలేదా?" అంది. కొంగు నడుముకు దోపి, తల్లీకూతుళ్లిద్దరూ రెండు గంటల్లో కోర్టంతా అలికారు. మా మూడూళ్ల కోర్టులు ఈనాటికీ నెర్రెలు బారకుండా ఉండటానికి చెంగమ్మ చెప్పిన ఆ రాగిపొట్టే కారణం. పని చేసిన వారికే రాకెట్టు అన్న నిబంధన ఉంది గదా. దయానందం గారు ఆమె చేతికే రాకెట్టు ఇచ్చారు. ఆమె సిగ్గుపడి కూతురికి అందించింది. శాలిని కొట్టిన మొదటి బంతి కార్యాలయం పెంకుల మీదుగా పోయి అవతలి వీధిలో పడింది. దయానందం గారు అట్లాగే నిలబడి ఆ వీధి వైపు చూశారని బాలప్ప చెబుతుంటాడు.

1999లో కుప్పం బదిలీ. అక్కడ నల్లరాతి రోలరుతో మూడో కోర్టు తయారైంది. గుడుపల్లె నుంచి సైకిళ్ల మీద పిల్లలు వచ్చేవారు, కోర్టులో తెలుగు, కన్నడం, తమిళం కలిసి ఒకటే అరుపులు. ఆదివారం ప్రార్థన ముగియగానే వారు బస్సెక్కి పుంగనూరు వెళ్లి శాలినికి ఆట నేర్పి వచ్చేవారు.

2001 మే నెలాఖరులో జిల్లా జూనియర్ బాలికల జట్టు ఎంపిక పోటీలు ప్రకటించారు. శాలినికి వయోపరిమితి ప్రకారం అదే ఆఖరి అవకాశం. పోటీలు సిమెంటు కోర్టుల మీద. ఆ అమ్మాయి జన్మలో సిమెంటు మీద ఆడి ఎరగదు. మట్టి మీద నిదానంగా లేచే బంతి సిమెంటు మీద కళ్లు మూసి తెరిచేలోగా వచ్చి పడుతుంది. దయానందం గారు రెండు క్లబ్బుల మెట్లెక్కి, సభ్యులు కానివారికి అనుమతి లేదని విని దిగారు. వారి దృష్టి కుప్పంలోని పట్టుగూళ్ల మార్కెట్టు మీద పడింది. ఉదయం గూళ్ల వేలం జరిగే ఆ పెద్ద షెడ్డు నేల నున్నటి సిమెంటు, మధ్యాహ్నానికి ఖాళీ. మార్కెట్టు బాధ్యురాలు రుక్మిణమ్మ గారు, "ఆడుకోండి సార్. ఒక్క గూడు నలిగినా, తెల్లారి ఒక్క గీత కనిపించినా ఊరుకోను," అన్నారు. దయానందం గారి ఇంట్లో బస చేసిన శాలిని ఇరవై ఒక్క రోజులు నేలంతా ఊడ్చింది. వారు ఇరవై ఒక్క సార్లు సున్నంతో గీతలు గీశారు, ఇరవై ఒక్క సార్లు తడిగుడ్డతో తుడిచారు.

ఆ ఇరవై ఒక్క రోజుల్లో అయిదో రోజున, ఎనిమిదేళ్లుగా ఎదురుచూస్తున్న పదోన్నతి ఉత్తర్వు వచ్చింది. సహాయ సంచాలకుల హోదా. ఉత్తరాన ఉన్న దూరపు జిల్లా. పది రోజుల్లో చేరాలి. గడువు పెంచడానికి వీలులేని ఉత్తర్వు. "ఈ కుర్చీ మళ్లా రాదేమో," అని దయానందం గారు భోజనం దగ్గర అన్నారట. షైలజ గారు అన్నం వడ్డిస్తూనే, "రాకపోతే మానె. ఆ బిడ్డకు ఈ వయసు మళ్లా వస్తాదా?" అన్నారట. మరునాడు కార్యాలయంలో వారు ఒక వాక్యం రాసిచ్చారు: "కుటుంబ కారణాల వల్ల పదోన్నతిని వదులుకుంటున్నాను." కారణం తెలియని మేము, వచ్చిన అదృష్టాన్ని కాలదన్నుకోవడం అంటే ఇదే అనుకున్నాం, కొందరం ఆ మాట వారి ముందే అన్నాం కూడా. ఈ రోజు ఆ మాటకు సిగ్గుపడుతున్నాం.

శాలిని ఆ పోటీల్లో తుదివరకూ వెళ్లి, మూడు సెట్లు ఆడి ఓడిపోయింది. అయినా జట్టులో రెండో స్థానానికి ఎంపికైంది. ఓడి వచ్చిన పిల్లతో వారు అన్నది ఒకటే మాట: "ఏడ్సినావా? సరే. సిమెంటు మీద బంతి సూసినావు గదమ్మా, ఇంక భయం లేదు." ఆమె నేడు గుర్రంకొండలో వ్యాయామ ఉపాధ్యాయిని. అక్కడి కోట కింద కోర్టు వేసింది. ఉద్యోగంలో చేరిన రోజున ప్రధానోపాధ్యాయుని చేత రోలరు లాగించిందని విన్నాం. పదోన్నతి మాత్రం దయానందం గారికి మళ్లీ రాలేదు. 2004లో మదనపల్లెకు తిరిగి వచ్చి, 1991లో ఏ హోదాలో ఈ కార్యాలయం గడప తొక్కారో అదే హోదాలో విరమిస్తున్నారు. దాని గురించి ఒక్కనాడైనా వారి నోట ఒక నిట్టూర్పు వినలేదు.

ఈ సన్మాన సభ ఏర్పాట్లలో భాగంగా మా సూపరింటెండెంటు యశోదమ్మ గారు, ముందు వరుసలో కూర్చునేందుకు కుటుంబ సభ్యుల పేర్లు రాసివ్వమని వారిని కోరారు. రెండు రోజుల తరువాత నాలుగు కాగితాలు వచ్చాయి. షైలజ గారు, కుమారుడు ప్రకాష్ బాబు, ఆ తరువాత శాలిని, చెంగమ్మ, బాలప్ప, రుక్మిణమ్మ, హరీష్... మొత్తం నూట నలభై మూడు పేర్లు.

"ఏంది సార్ ఇది? ముందు వరుసలో పన్నెండు కుర్చీలే ఉండాయి. నేనడిగింది కుటుంబాన్ని గదా!"

"రాసింది వాళ్లనే గదమ్మా," అన్నారు దయానందం గారు. "2001లోనే రాసిచ్చింటి గదా."

యశోదమ్మ గారు బీరువా తెరిచి సర్వీసు రిజిస్టరు తీశారు. ఆ ఏటి పుట తిప్పి, "కుటుంబ కారణాల వల్ల" అన్న వాక్యం చదివి, నాలుగు కాగితాలూ దాని పక్కన పెట్టి, పేర్లు మళ్లీ మొదటి నుంచి చదివారు. తరువాత ఫోను తీసి షామియానా వాళ్లకు నూట నలభై మూడు కుర్చీలు చెప్పారు.

అందుచేత సన్మాన సభ హాలులో కాదు, తోట వెనుక కోర్టులో జరుగుతుంది. సభకు ముందు అతిథులు, అధికారులు, మేము, అందరం తలా ఒక చుట్టు రోలరు లాగుతాం. శాలువా కప్పే అర్హత ఆ తరువాతే. శ్రీ దయానందం గారికి, శ్రీమతి షైలజ గారికి భగవంతుడు నిండు ఆరోగ్యాన్ని, నూరేళ్ల ఆయుష్షును ప్రసాదించాలని, అలసట ఎరగని ఆ మోకాళ్లు ఇంకా ఎన్నో వేసవి సాయంత్రాలు ఆ మట్టి మీద పరుగెత్తాలని, ఆ నాలుగు కాగితాలకు అయిదో కాగితం, ఆరో కాగితం చేరుతూనే ఉండాలని, ఆ పేర్ల చివర మా పేర్లకు కూడా చోటు దొరకాలని మనసారా కోరుకుంటున్నాం.

— కార్యాలయ సహోద్యోగులు, మదనపల్లె