ఎండ పడే కుర్చీ

ఈ వృత్తాంతాన్ని మొదట ప్రచారంలోకి తెచ్చినవాడు వీధి మలుపులోని సెలూన్ యజమాని. అయితే గొంతు మీద కత్తి ఆనించి చెప్పే మాటను ఎవరూ కాదనరు కనుక, అతని సాక్ష్యాన్ని పక్కన పెట్టడమే న్యాయం. ఇక్కడ రాస్తున్నది టీ కొట్టు అక్క చెప్పినది. ఆమె పొయ్యి దగ్గర నిలబడి అంతా విన్నది. అంతకంటే ముఖ్యంగా, చూసింది. రోజంతా పాలు పొంగకుండా కనిపెట్టుకుని ఉండే మనిషి కంటిని తప్పించుకోవడం కష్టం.

కొట్టు ముందు చేతుల కుర్చీ ఒకటే ఉంది. చలికాలం పొద్దున్నే, ఎదుటి మేడల మధ్య సందులోంచి వచ్చే ఎండ సరిగ్గా దాని మీద పడుతుంది. ఏళ్ల తరబడి అది గాజింటి బాబాయిది. పార్కులో సీతాకోకచిలుకలను పెంచే గాజింటిని కనిపెట్టుకుని ఉండి రిటైరైన ఆయనకు ఆ కుర్చీ మోకాళ్ల నొప్పికి మందు; ఉద్యోగం పోయాక మిగిలిన హోదా కూడా. చిన్న కూతురి ఇంట కొన్నాళ్లుండి తిరిగి వచ్చేసరికి, అందులో కొత్తగా దుకాణం పెట్టిన టైలరు కాలు మీద కాలు వేసుకుని టీ తాగుతున్నాడు. లెమ్మని అడగడం బాబాయికి నామోషీ. అందుకని బల్లకు చేరగిలబడి, ఎవరూ అడగకుండానే మొదలుపెట్టాడు.

"సీతాకోక అంటే మెత్తనిదనుకుంటారు మీరంతా. వాటికీ గుణాలుంటాయి నాయనా, మనకున్నట్టే. కొన్ని ఆకు కదిలితే దాక్కుంటాయి, కొన్ని మనిషి ముక్కు మీదే వాలతాయి. మా గాజింట్లో ఒకడుండేవాడు, మొండోడని పేరు పెట్టాను. నేల మీద చెయ్యెడల్పు ఎండ పడితే చాలు, అది వాడిదే. ఇంకో మగది వచ్చిందా, ఇద్దరూ ఒకరి చుట్టూ ఒకరు గిర్రున తిరుగుతూ పైకి లేస్తారు. కాసేపే. తర్వాత ముందు కూర్చున్నవాడు కిందికొస్తాడు, వెనకొచ్చినవాడు నోరు మూసుకుని పోతాడు. అంత మర్యాద వాటికి."

"ముందు కూర్చున్నవాడిదే అన్నమాట," అని టైలరు ఇంకాస్త వెనక్కి వాలాడు.

"తొందరపడకు. ఒకరోజు మొండోడికి ఒంట్లో బాగోలేదు. వాణ్ణి వేరే గదిలో పెట్టి నేనే పండు రసం పట్టించాను. ఈలోగా ఆ ఎండలో కొత్తవాడొకడు వచ్చి వాలాడు. వీడు తిరిగొచ్చాడు. ఇది నాదని వీడు, కాదు నాదని వాడు. ఇద్దరి లెక్కలోనూ ముందు కూర్చున్నది తామే. ఇక ఎవరు తగ్గుతారు? ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"తెలుస్తూనే ఉంది," అన్నాడు సెలూన్ యజమాని, కుర్చీ వైపు చూస్తూ.

"లేచారు పైకి. కప్పు తగిలింది. కప్పు వాళ్లనాపుతుందా, అద్దం భళ్లున పగిలింది. ఆ రెక్కల గాలికి పార్కు పక్క మేడ మీద ఆరేసిన దుప్పట్లు పక్క వీధిలో పడ్డాయి. నేనూరుకుంటానా, నిచ్చెన వేసుకుని వెనకే ఎక్కాను."

"నిచ్చెన అంత పొడవుందా బాబాయ్?" అంది అక్క.

"లేదు కనుకే మేఘం పట్టుకోవాల్సి వచ్చింది. పట్టు చిక్కదనుకుంటారు గానీ, తడి దూది మూటలా ఉంటుంది, వేళ్లు దిగితే చాలు. అక్కడ చూద్దును కదా, ఆ సుడిలో చిక్కుకుని గద్దలు, గాలిపటాలు, ఒక విమానం. పైలట్ కిటికీ తీసి, పెద్దాయనా, మీవాళ్లను కాస్త ఆపండని దణ్ణం పెట్టాడు."

"కిటికీ తీశాడా?"

"ఉక్కపోత మరి."

టైలరు నవ్వి, చొక్కా పై గుండీ పెట్టుకున్నాడు. అక్క అది గమనించింది. బాబాయి గమనించలేదు.

"వానాకాలం వచ్చి, వీళ్లు దారికడ్డంగా ఉన్నారని పక్క నుంచి వెళ్లిపోయింది. ఆఖరికి పాతవాడే గెలిచాడు. కొత్తవాడు తప్పు తెలుసుకుని, దణ్ణం పెట్టి తప్పుకున్నాడు." ఈసారి బాబాయి నేరుగా టైలరు ముఖంలోకే చూశాడు.

టైలరు నింపాదిగా గ్లాసు ఖాళీ చేశాడు. "ఒక్క సందేహం బాబాయ్. వీళ్లు పైన అన్నాళ్లు కొట్టుకుంటుంటే, కింద ఆ చెయ్యెడల్పు ఎండ అక్కడే ఉందా?"

బాబాయి తడబడ్డాడు. అయితే కోతల్లో వెనక్కి తగ్గిన మనిషి కాడాయన. "ఉండక ఎక్కడికి పోతుంది? నేనే ఆపి ఉంచాను."

"అయితే ఇక్కడ కూడా కాస్త ఆపాల్సింది," అంటూ టైలరు లేచి, మెళ్లోని టేపు సర్దుకుని, కుర్చీని అరచేత్తో తుడిచాడు. "రండి, కూర్చోండి. మీదే."

కుర్చీ నిండా నీడ. కథ విమానం దగ్గరికి చేరేలోపే ఎండ సెలూన్ మెట్ల మీదికి వెళ్లిపోయింది. బాబాయి దాన్ని చూశాడు, కుర్చీని చూశాడు, నీడలోనే కూర్చున్నాడు.

మర్నాటి నుంచి టైలరు సెలూన్ మెట్టు మీదే టీ తాగేవాడు; గిరాకీ పెరిగాక మార్కెట్ వీధిలో పెద్ద దుకాణం తీసుకుని వెళ్లిపోయాడు. సెలూన్ యజమాని చెప్పగా చెప్పగా కథలోని ఆ సీతాకోకలు క్రమంగా గద్దలయ్యాయి. అక్క రెండో కుర్చీ కొని, ఎండ జరిగే ఆ మెట్ల పక్కన వేసింది. అది ఖాళీగానే ఉంటుంది. ఎందుకంటే బాబాయి ఎండ రాకముందే వచ్చి తన కుర్చీలో కూర్చుంటాడు, ఎండ పోయాక కూడా లేవడు, లేస్తే ఎవరు వాలతారోనని. మోకాళ్లు రుద్దుకుంటూ, కొత్తగా వచ్చినవాళ్లకు ఆ కుర్చీని టైలరు దగ్గర ఎలా గెలుచుకున్నదీ చెబుతుంటాడు. ఆయన చెప్పేవాటిలో జరిగింది అదొక్కటే. దాన్నే ఎవరూ నమ్మరు.