గోడలు లేకుండా ఎత్తిన గుమ్మం

ఈ సంగతి నాకు మొదట చెప్పినవాడు కోటబొమ్మాళి స్టేషను దగ్గర టీ కొట్టు సోములు. సోములు పాలలో నీళ్లు కలుపుతాడేమో గాని మాటలో కలపడు. అందుకే అతను చెప్పింది చెప్పినట్టు చెబుతున్నాను.

ఆ సాయంత్రం ముసురు పట్టింది. మిషను బడి మాస్టారు డేవిడ్‌రాజు చేతిలో టీ చల్లారిపోతున్నా తాగకుండా బల్ల మీద కూర్చున్నాడు. పన్నెండేళ్లు కూడబెట్టిందంతా ఊరి చివర ఐదు సెంట్ల స్థలానికి బయానా ఇచ్చేశాడు. స్థలం ఆసామి తమ్ముడు ఖరగ్‌పూర్ నుంచి వచ్చి సంతకం పెడితేగాని రిజిస్ట్రీ అవదు. ఈలోగా ఆసామి ఆ స్థలం ఇంకెవరికో చూపిస్తున్నాడని పొద్దున్నే తెలిసింది. అది జారిపోతే ఇక ఈ జన్మలో ఇల్లు లేదు.

"ఇంతోటిదానికి దిగులేటి మాస్టారూ" అన్నాడు గణపతిరావు. స్థలాల బేరాల్లో మధ్యన నిలబడే మనిషి, నిలబడ్డంత సేపూ మాట్లాడే మనిషి. అతని చెల్లెలు దాలమ్మ చూరు కింద ఉడకేసిన శెనక్కాయల బుట్ట పెట్టుకుని కూర్చుంది.

"నాలుగేళ్ల కిందట పేట రోడ్డు వార మా దాలమ్మకి స్థలం బేరమాడినాను. మొగుడు పోయినాడు గదా, తల దాసుకోడానికి ఉండాలని. బయానా ఇచ్చీసినాం. ఇంతలో మూఢమొచ్చినాది, మూఢం పోయాక రిజిస్ట్రీ అన్నాడాసామి. నెల్రోజులు ఒట్టి నేల అలగొదిలీడమేటని, మా నాయిన ఇల్లు పడిపోతే మిగిలిన ద్వారబంధం బండిమీదేసుకెల్లి, ఆ నేల మద్దిన నిలబెట్టి, పసుపు రాసి, బొట్లెట్టి, మావిడాకులు కట్టి ఒచ్చీసినాను. అంతే."

"మూఢంలో గుమ్మమెత్తినావేటి బావా?" అన్నాడు బీడీ కాలుస్తున్న సూరయ్య.

"మూఢం కాయితానికి గాని గుమ్మానికేటిరా. ఆ తరవాత ఏటైందో తెల్సా? బెల్లం వర్తకుడొకడు స్థలం సూడ్డానికొచ్చినాడు. గుమ్మం సూసినాడు, సెప్పులిప్పినాడు, వొంగి గుమ్మంలోంచే లోనకెల్లినాడు."

"గోడల్నేవు గదా మావా, పక్కనించి ఎల్లొచ్చు గదా" అన్నాడు సోములు.

"గుమ్మముండగా పక్కనించెల్లేవోడు దొంగరా. మరింకేటి, కొలతలకి సర్వేయరొచ్చినాడు, గొలుసు లాగితే గుమ్మం కాడ ఆగిపోయినాది, ఇద్దరు లాగినా రాదు, నలుగురు లాగినా రాదు, ఆకరికి టెంకాయ కొట్టి గుమ్మంలోంచి తీసుకెల్తే దానంతటదే సర్రున పాకి కొలిసీసినాది. తరవాత జీపులో పెద్దాపీసరొచ్చినాడు. తలుపే నేదా, అయినా బయట నిలబడి లోనికి రావొచ్చా అనడిగినాడు. మా సెల్లి వొంట సేస్తన్నాది, కూకో అన్నాను. రోడ్డు మీద కూకున్నాడు."

సూరయ్య నవ్వబోయి దగ్గాడు. మాస్టారు నవ్వలేదు. "తుపానొస్తే?" అని అడిగాడు. అతనికి నిజంగానే తెలుసుకోవాలని ఉంది.

"అడగాల్సిన మాటడిగినారు. ఒచ్చినాది. పేటలో పెంకులన్నీ ఎల్లి వంశధారలో పడ్డాయి. ఆ గాలి గుమ్మం దాకా ఒచ్చి ఆగిపోయినాది. నాను గడప మీద కూకుని, ఎవుల్నడిగొచ్చినావు అన్నాను. ఎనక్కి తిరిగి సముద్రంలోకెలిపోయినాది. గుమ్మానికవతల మోకాల్లోతు నీల్లు, ఇవతల దుమ్ము. ఊరు ఊరంతా లోనకొచ్చీసినారు, ఐదు సెంట్లలో ఎనిమిదొందల మంది, పసువులు గాక, ఇంకా సాప ఏసుకోడానికి సోటు మిగిలిపోయినాది. మూఢం పోయిన మర్నాడు ఆసామే కాయితం పళ్లెంలో ఎట్టుకొచ్చి గడప మీదెట్టి దండమెట్టినాడు."

మాస్టారు బల్ల మీంచి ముందుకు వంగాడు. "రేపే ఒక ద్వారబంధం చూస్తాను. మాకు పసుపూ బొట్టూ లేవు, ప్రార్థన చేయిస్తాను. మీరు దగ్గరుండి ఎత్తించాలి."

"నానుండగా మీకేటి మాస్టారూ."

"అన్నియ్యా" అంది దాలమ్మ, బుట్ట మీద గోనె కప్పుతూ. "ఆ గుమ్మంలోంచి నానేనాడెల్లాను?"

దాలమ్మ మాస్టారి వైపు తిరిగింది.

"ఎత్తిన గుమ్మం దింపకూడదు గదా మాస్టారూ. ఆ సంగతి ఆసామికీ తెలుసు. ఈలింక పీక్కెల్లరు, ఎంతన్నా ఇస్తారని మర్నాడే రేటు పెంచీసినాడు. నాకాడ నేదు. బెల్లం వర్తకుడు కొనీసినాడు. ఆడికీ గుమ్మం పీకడానికి బయమే, అందుకని సుట్టూ గోడలు కట్టీసుకున్నాడు. మా నాయిన గుమ్మం కాడ ఆడింటోల్లు దీపమెడతన్నారు. నాను కాయలమ్ముకోడానికి ఆ యీదికెల్తే రోడ్డు మీదే నిలబడతాను."

"దానికేటి తెల్సు" అన్నాడు గణపతిరావు. గుమ్మం కట్టేసింది స్థలాన్ని కాదు, ఎత్తినవాళ్లని అని మాస్టారికి అప్పుడు తెలిసింది. గ్లాసు బల్ల మీద పెట్టి, గొడుగు తీసుకుని, ఖరగ్‌పూర్ వెళ్లే బండి ఎన్నింటికని సోముల్ని అడిగాడు.

గణపతిరావు ఇప్పటికీ ఆ కథ చెబుతూనే ఉన్నాడు. ఇప్పుడు తుపాను రెండుసార్లు వెనక్కి తిరుగుతోందట. అతనికీ నాకూ వేరే లెక్కుంది, అది ఇక్కడ ఎత్తను. కాని ఆ వర్తకుడి ఇంట్లోవాళ్లు ఆ గుమ్మం తమ తాతలనాటిదని వచ్చినవాళ్లకి చూపిస్తున్నారు. అది దాలమ్మ తండ్రి దగ్గరుండి చెక్కించిన గుమ్మం. పేటలో నాకంటే చదువుకున్నవాళ్లు, ఆ గడప తొక్కగలిగినవాళ్లు ఎవరైనా ఉంటే, లోపలికెళ్లి ఆ ఒక్క మాట సరిదిద్ది రండి.