వెనక్కి చూడొద్దన్న డాక్టరు

అమెరికాలో కూతురుండే బాతెల్ ఊళ్ళో నది పక్కన నడకదారి, 2009 వేసవి. డాక్టరును చూసి వచ్చిన మర్నాడు పొద్దున్నే రాజారావు ముందు, నాలుగడుగులు వెనక ఆయన భార్య నాగమల్లేశ్వరి.

“సొరకాయ లేతదా ముదురుదా అని చూస్తారే, అలా పట్టుకున్నాడు నా తలకాయని. ఇటు తిప్పాడు, అటు తిప్పాడు. ఇక కొనడేమో అనుకున్నాను.”

“మీకు నవ్వులాటగా ఉంది. నేను గోడ వైపు తిరిగి కూర్చున్నాను. ఆ మెడ పుటుక్కుమంటే ఈ దేశంలో ఎవరితో చెప్పుకోవాలో కూడా తెలీదు నాకు.”

“గోడ వైపు తిరిగి నోరు ఆపావా? ఆయన నన్ను అడగడం, నువ్వు చెప్పడం, మన శాంతి దాన్ని ఇంగ్లీషులో పెట్టడం. రాత్రి పాసుకి ఎన్నిసార్లు లేస్తానో కూడా నువ్వే చెప్పావు. కన్నకూతురి ముందు.”

“మీరు చెప్పరుగా. మెడ ఎడమ పక్కకి తిరగదు, అయినా గోడమీది క్యాలెండర్‌తో ‘ఐయామ్ ఫైన్’ అన్నారు. డాక్టరు ఇటు పక్కన ఉన్నాడు.”

“మగాళ్ళంతా అంతేనని ఆయనే అన్నాడు. భార్య లాక్కొస్తే తప్ప రారట.”

“అది మెప్పనుకుని మీరు తలూపారు. ఊపలేక ఊపారు.”

“ఇంతసేపు పిసికి ఒక్క మాత్ర రాయలేదు. నిజం డాక్టరేనా అని శాంతిని అడిగిందెవరు?”

“నేనే. నా తెలివి అంతవరకే. ఆస్టియోపతి అంటే మన ఊళ్ళో బెణుకులు సరిచేసేవాళ్ళ లాంటిదనుకున్నాను. ఆయనా అందరిలాగే డాక్టరు చదువు చదివాడట, కావలిస్తే మాత్రలూ రాస్తాడట. కండరాలూ కీళ్ళూ చేత్తో పట్టి చూడటం దానిమీద అదనపు చదువట. కారులో దారి పొడుగునా క్లాసు పీకింది శాంతి.”

“నాకు వేరే క్లాసు. అన్నం తగ్గించు, నీళ్ళు సరిగ్గా తాగు, సోఫాలో మెడ వాల్చి నిద్రపోకు, రోజూ చెమట పట్టేలా నడువు. షుగరు దిగితే రాత్రి లేవడం తగ్గుతుంది, ఒళ్ళూ వదులవుతుంది. రిటైరయ్యాక మళ్ళీ బళ్ళో వేసింది నన్ను.”

“మరి నడవండి చెమట పట్టేలా. ఏమిటాగారు?”

“నువ్వొస్తున్నావో లేదో అని.”

“అదిగో, మళ్ళీ తిరిగారు. అదే వద్దన్నాడు కదండీ.”

“అలవాటు. నేనేం చెయ్యను.”

“నిన్న క్లినిక్ వరండాలో మనిద్దర్నీ నడిపించి చూశాడు కదా. మీరు ముందు, నేను వెనక. నాలుగడుగులు వెయ్యడం, కుడి భుజం మీంచి చూడటం. ఆయన నవ్వి నావైపు చెయ్యి చూపించాడు. జబ్బు పేరు చెబుతాడనుకుంటే నన్ను చూపించాడు.”

“నిన్ను కాదు, నేను తిరగడాన్ని. ఎప్పుడూ ఒకే పక్కకి తిరిగి తిరిగి అక్కడ కండరం బిగిసిపోయిందట.”

“మీరు తిరిగేది నాకోసమేగా. ఎటు తిప్పి చెప్పినా జబ్బు నేనే.”

“అందుకే ఒకటి ఆలోచించాను. రేపట్నుంచి నేనొక్కణ్ణే వస్తాను. నీ మోకాళ్ళతో నువ్వు ఆ చెమట నడక నడవలేవు. ఇంట్లో హాయిగా పుస్తకం చదువుకో.”

“వెళ్ళండి.”

“కోపమా?”

“కోపం దేనికి. మీరు తలుపు లాక్కుని వెళ్తారు. నేను కిటికీ దగ్గర పుస్తకం తెరుస్తాను. ఎక్కడో అంబులెన్సు మోగుతుంది. అది మీకోసమేనని తేల్చేసుకుంటాను. పేజీ మాత్రం తిరగదు. నాకు చేతనైన పని అదే కదా.”

“సెల్ ఫోన్ తీసుకెళ్తానులే.”

“మొన్న మీ జేబులో మోగుతుంటే ఎవరిదో అని చుట్టూ వెతికారు.”

“చూడు, షుగరు ఇలాగే ఉంటే ఏమవుతుందో కూడా చెప్పాడు డాక్టరు. ఆ ముక్క శాంతి తెలుగులో చెప్పలేదు.”

“దాని మొహం చూస్తే నాకు తెలిసింది.”

“మరి?”

“అందుకే వెళ్ళమంటున్నాను. గట్టిగా నడవండి. నడకలో నేను వెనకున్నది చాలు. ఆ పెద్ద ప్రయాణంలో కూడా నన్నే వెనక వదిలేసి పోకండి.”

“పొద్దున్నే ఏం మాటలు.”

“నాకొచ్చినవి అవే. ఎవరు బజారుకెళ్తున్నా గుమ్మందాకా వచ్చి ఆఖరిచూపు చూస్తానని మా అన్నయ్య ఏడిపించేవాడు. పాలవాడిని కూడా అలాగే పంపేదాన్నట.”

“సరే, పోనీ ఒక పని చేద్దాం. నువ్వు ముందు నడు.”

“మీ ముందా?”

“నువ్వు ఎదురుగా కనిపిస్తుంటే నేను వెనక్కి తిరగక్కర్లేదు. మెడా తిన్నగా ఉంటుంది, నువ్వూ ఇంట్లో ఉండక్కర్లేదు.”

“ఎవరైనా చూస్తే ఏమనుకుంటారు?”

“ఇక్కడ సైకిళ్ళవాళ్ళు తప్ప ఎవరున్నారు? ‘ఆన్ యువర్ లెఫ్ట్’ అని పక్కకి జరగమంటూ దూసుకుపోతారు, మన మొహాలైనా చూడరు. నడు.”

“నాకు దారి తెలీదు.”

“ఉన్నది ఒకటే దారి, మల్లేశ్వరీ.”

“వస్తున్నారా?”

“వస్తున్నా.”

“ఉన్నారా?”

“ఉన్నా. వెనక్కి తిరక్కు. నీ మెడ కూడా పట్టేస్తే శాంతి ఇద్దరికీ కలిపి అపాయింట్‌మెంట్ తీసుకోవాలి.”

“నేనేం తిరగలేదు. కొంచెం చూశానంతే.”

“కొంచెమా? నిలువునా తిరిగావు. అది సరే, ఇంత వేగంగా నడవగలవా నువ్వు?”

“మాట్లాడకుండా రండి. ఆయాసం వస్తుంది.”

“…”

“ఏమండీ?”

“…”

“ఏమండీ, అంత వెనకబడ్డారేం? కళ్ళు తిరుగుతున్నాయా? ఆ బెంచీ మీద కూర్చుందామా?”

“అబ్బే, బాగానే ఉన్నాను.”

“మరెందుకు ఈడ్చుకుంటూ నడుస్తున్నారు? నా గుండె జారిపోయింది.”

“ఏం లేదు. నువ్వలా తిరిగి చూస్తుంటే బాగుంది. నెమ్మదిగా నడిస్తే ఇంకోసారి చూస్తావేమోనని. నవ్వుతావేం? చెప్పు, ఎందుకు నవ్వుతున్నావు?”

“మరి ఇన్నేళ్ళూ నేనెందుకు నెమ్మదిగా నడిచాననుకున్నారు?”