తిర్జా అక్క కొలతాడు

మీ బడిలో అలా చెప్పారా? సరే, ఆ బుట్ట ఇటు జరిపి కూర్చో, బఠానీలు ఒలుస్తూ మాట్లాడుకుందాం. కొన్ని పాపాలకు పాపి నెత్తురే నేల మీద పడాలని మన సంఘంలో ఎవరూ ఎన్నడూ బోధించలేదనీ, అదంతా మనమంటే గిట్టనివాళ్ళు అల్లిన కథ అనీ మీ పంతులు గారు చెప్పారన్నమాట. ఆయనకు ఎన్నేళ్ళుంటాయి, ముప్పయ్యా? మంచివాడే పాపం, తల దువ్వుకునే తీరు చూస్తేనే తెలుస్తుంది. ఆయన పుట్టడానికి ఇరవై ఏళ్ళ ముందు, ఈ ఊరి మట్టిగోడల కూటపు గదిలో, మూడో బల్ల మీద, మీ నాయనమ్మ శాలువాలో సగం నేను కప్పుకుని, ఆ బోధ నా ఈ రెండు చెవులతో విన్నాను, లొవీనా. కాకపోతే దాన్ని తలుచుకున్నప్పుడల్లా నాకు భయం కన్నా ముందు నవ్వు వస్తుంది. అది మీ నాయనమ్మ తిర్జా చలవ.

నువ్వు ఆమెను చూడలేదు కదూ. నువ్వు పుట్టేసరికి ఆమె పోయి పదకొండేళ్ళు. మనిషి తలుపు చట్రమంత ఎత్తు. ముందు పన్ను ఒకటి ఉండేది కాదు, ఆ సందులోంచి మాట ఈల వేసుకుంటూ వచ్చేది. మన సంఘం ఆచారం ప్రకారం నేను మీ తాతకు రెండో భార్యగా ఈ గుమ్మం తొక్కిన రోజున నా వయసు పద్దెనిమిది. సముద్రం అవతల లాంకషైరు నూలుమిల్లులో దారం అతికించుకునే పిల్లను, ఆవు పొదుగు ఎటు ఉంటుందో కూడా తెలియదు. సవతి అంటే కళ్ళల్లో నిప్పులు పోస్తుందనుకుంటూ నిలబడ్డాను. ఆమె నన్ను కిందనుంచి పైదాకా చూసి, మీ తాత వైపు తిరిగి, "ఏమయ్యా ఆల్ఫియస్, పెళ్ళాన్ని తెమ్మంటే పిచ్చుకను తెచ్చావే. దీనికి ముందు నాలుగు ముద్దలు పెట్టాలి, తరవాత సంగతి తరవాత" అంది. ఆ తరవాత ఆమె నన్ను ఒక్క మాట అనలేదని చెప్పను. రోజూ అనేది. కానీ రొట్టె కోసినప్పుడు మాత్రం మాడిన అంచు ఎప్పుడూ తన పళ్ళెంలోనే ఉండేది. ఏదీ, ఆ కాయ పురుగు తినేసింది, అవతల పారెయ్.

ఎక్కడున్నాం? ఆ, నీళ్ళు. నేను వచ్చిన ఏడాది వాన లేదు, మిగిలిన పచ్చదనం మిడతలు తినిపోయాయి. వాగులో నీళ్ళు మడమ కూడా తడిసేలా ఉండేవి కావు. ఎవరి చేనుకు ఎన్ని గంటలు నీళ్ళో నీరుగంటి చీటీ రాసి ఇచ్చేవాడు. ఆ గంటల్లో కాలవ వాళ్ళది, తరవాత తూము దించెయ్యాలి. మనిషి భార్యను తిడితే ఊరు ఊరుకునేది, బైబిలు వచనం తప్పు చదివితే ఊరుకునేది, వంతు కాని వేళ తూము ఎత్తితే మాత్రం ఊరుకునేది కాదు. అలాంటి వేసవిలో ఒక ఆదివారం, ఊరంతా కూటంలో ఉన్నప్పుడు, మీ తాత కడుపునొప్పని ఇంట్లో ఉండిపోయాడు. అప్పుడు నీళ్ళ వంతు పక్కచేను నీల్స్ ఓవెసన్‌ది, ఆ డెన్మార్కు ఆయనది. మీ తాత వెళ్ళి మన తూము అరగంట ఎత్తాడు. ఆ నీళ్ళతో ఆ ఏడు మనకు పండింది తొమ్మిది మొక్కజొన్న పొత్తులు. నేనే లెక్కపెట్టాను, రెండిట్లో గింజ లేదు. మన్ను తడి చూసి నీల్స్ గొడవచేశాడు. మన ఊరి సంఘం పెద్ద, బిషప్ పెల్టన్ గారు పిలిచి అడిగితే, మీ తాత కుడిచెయ్యి పైకెత్తి, దేవుని పేర ఒట్టు, నేను ముట్టలేదన్నాడు. అక్కడితో అయిపోయిందనుకున్నాం.

అవ్వలేదు. ఆ చలికాలమే మారుమనస్సు పొందండి, మారుమనస్సు పొందండి అంటూ పట్నం నుంచి బోధకులు ఊరూరా దిగారు. చేతిలో అచ్చువేసిన ప్రశ్నల చీటీ ఒకటి. ఇంటింటికీ వచ్చి, అందరినీ నిలబెట్టి అడిగేవాళ్ళు. హత్య చేశావా, వ్యభిచరించావా, నీది కాని దూడకు నీ ముద్ర వేశావా, ఇతరుల వంతు నీళ్ళు వాడుకున్నావా, అలా. చివర్లో వారానికోసారి ఒళ్ళు కడుక్కుంటావా అని కూడా ఉండేది. నవ్వకు, నిజంగా ఉండేది. దానికి మీ నాయనమ్మ, "అయ్యగారూ, నీళ్ళ ప్రశ్నకూ ఒళ్ళు కడిగే ప్రశ్నకూ రెంటికీ మంచి జవాబు చెప్పగలిగిన మనిషి ఈ ఊళ్ళో ఉంటే నాకూ చూపించండి" అంది. ఆయన రెండు చోట్లా గీత గీసుకున్నాడు. అందరం చెయ్యెత్తి అన్నిటికీ మంచి జవాబులే చెప్పాం. చెప్పాక వాగు మీద మంచు గొడ్డలితో పగలగొట్టి అందరికీ మళ్ళీ బాప్తిస్మం ఇచ్చారు. బయటికి వచ్చేసరికి నా లంగా పలకలా గడ్డకట్టింది, నడిస్తే టకటకమంది.

అంతవరకూ బాగానే ఉంది. ఆ తరవాతి ఆదివారమే ఆ బోధ. కొన్ని పాపాలకు ఈ నీళ్ళు చాలవు, క్రీస్తు రక్తం కూడా వాటిని కప్పదు, దేవుని ఎదుట చెయ్యెత్తి అబద్ధమాడినవాడి నెత్తురు నేల మీద పడి, దాని ఆవిరి పైకి లేస్తేనే వాడికి రక్షణ, అలాంటివాడి నెత్తురు చిందించడమే వాడి మీద అసలైన ప్రేమ అన్నాడు ఆ పట్నం బోధకుడు. గొంతు మంచిది, మెత్తగా చెప్పాడు. అందుకే ఎక్కువ భయం వేసింది. ఇందులో నవ్వులాట లేదమ్మా. దిగువ ఊళ్ళో ఒకాయన ఆ శీతాకాలం కనిపించకుండా పోయాడు. ఎటు పోయాడని ఎవరూ అడగలేదు, అడగలేదన్నదే నాకు ఇప్పటికీ గుర్తు.

మీ తాత అన్నం మానేశాడు. వారం రోజులు అలా తిరిగి, ఒకరోజు గడ్డపార భుజాన వేసుకుని చేను చివరికి వెళ్ళాడు. ఇనుములా గట్టిపడ్డ నేల, మూడు రోజులు గొయ్యి తవ్వాడు. మూడోరోజు భోజనం దగ్గర కూర్చుని, జొన్నలు గాదెలో పోశానని చెప్పినంత నెమ్మదిగా చెప్పాడు. తను దొంగ ఒట్టు వేశాడట, బిషప్ గారి దగ్గర ఒప్పుకున్నాడట. గురువారం ఉపవాస కూటం అయ్యాక తన నెత్తురు చిందించే ఆ పని జరుగుతుందట, ఇద్దరు మనుషుల్ని కూడా ఏర్పాటు చేశారట. మీరిద్దరూ కలిసి ఉండండి, ఎర్రావు సూడిది, జాగ్రత్త అన్నాడు. పెల్టన్ గారు ఎలాంటివాడో తెలుసా, తన ఇంటి పంది గొంతు కోయడానికి పక్కింటివాణ్ణి పిలిచే మనిషి. కానీ పీఠం మీద తన నోటితో ఔనన్న బోధను కిందికి దిగి ఎలా కాదంటాడు? కాదంటే ఆయన విశ్వాసం ఏపాటిదని అడుగుతారు కదా. నేను ఏడుపు మొదలుపెట్టాను. తిర్జా అక్క ఏడవలేదు. పాత్రలు కడిగి, చేతులు తుడుచుకుని, తాడొకటి తీసుకుని చేను వైపు వెళ్ళింది. తిరిగివచ్చి, "గొయ్యి పొడవు చాలదయ్యా. కాళ్ళు ముడుచుకుని పడుకుంటావా పునరుత్థానం దాకా? అసలే నీకు మోకాళ్ళ నొప్పి" అంది. ఆ తాడుకు రెండు ముళ్ళు వేసి ఉన్నాయి. అది జేబులో పెట్టుకుని పడుకుంది. ఈవిడ మనిషేనా అనుకున్నాను నేను.

గురువారం వచ్చింది. ఉపవాస కూటంలో ఆడవాళ్ళైనా లేచి సాక్ష్యం చెప్పొచ్చు, అది నీకు తెలుసు. మీ తాత ఉతికిన చొక్కా తొడుక్కుని ముందు బల్ల మీద కూర్చున్నాడు. పాట అయింది, ప్రార్థన అయింది. తిర్జా అక్క లేచింది. జేబులోంచి తాడు తీసి రెండు చేతులా పట్టుకుంది. ఆమె మాటలు నేను ఒక్కటీ మరిచిపోలేదు. "ఇది నా భర్త గొయ్యి పొడవు. నేల గడ్డకట్టి ఉంది, ఊళ్ళో గడ్డపారలు నాలుగే. మళ్ళీ మళ్ళీ తవ్వడం అయ్యే పని కాదు కనక కొలత ఒక్కసారే తీసుకుందామని వచ్చాను. వంతు కాని నీళ్ళు ముట్టలేదని బాప్తిస్మానికి ముందు అందరం చెయ్యెత్తి చెప్పాం. బట్టలుతికే రోజున ఓవెసన్ వంతులోంచి నేను రెండు తొట్లు తోడుకున్నాను. కాబట్టి ఆల్ఫియస్ పక్కన ఇంకో తాడు పొడవు నాది, ఈ రెండో ముడి అదే. తరవాత ఎవరో లేవండి, నేను ముడి వేసుకుంటాను."

బిషప్ గారు కూర్చోండి సిస్టర్ అన్నాడు, ఆమెకు వినపడలేదు. అప్పుడు ఎవరు లేచారనుకున్నావు? నీల్స్ ఓవెసన్. ఆ మనిషికి మన మాటలు సరిగా రావు, ఎర్రగా కందిపోయి నిలబడ్డాడు. ఆ వేసవిలో, మీ తాత తూము ఎత్తిన ఆదివారానికి ముందు మంగళవారం, మన వంతులోంచే తను ఒక గంట తీసుకున్నాడట. అందుకే మన మన్ను తడి అంత త్వరగా పట్టుకోగలిగాడట, ఏ వేళకు ఎంత ఆరుతుందో అనుభవం మరి. మీ తాత తలెత్తి అతన్ని చూసిన చూపు నేను చెప్పలేను. తరవాత చెప్పులు కుట్టే ఆయన లేచాడు, తరవాత ఇద్దరు అన్నదమ్ములు ఒకరి నీళ్ళు ఒకరు తీసుకున్నారని లేచారు, తరవాత నీరుగంటి లేచాడు. నీరుగంటేనమ్మా. అక్కడ వెనకబల్ల మీద ఒక ముసలమ్మ కిసుక్కుమంది. ఇక చివరికి పెల్టన్ గారి పెద్ద భార్య భర్త వైపు చూస్తూ కూర్చుంది. చూస్తూనే ఉంది. పుచ్చపాదులకు, చాలా కొద్దిగా, అన్నాడాయన. తిర్జా అక్క ఆ ముడి కూడా వేసింది. వేసి, తాడు మీద ముళ్ళన్నీ వేలితో లెక్కపెట్టి, "మా చేను చివర మొదలుపెడితే గొయ్యి తిన్నగా కొండ మలుపు దాకా పోతుంది, అయ్యగారూ. ఇంతమందిని పూడ్చడానికి ఎవరు మిగులుతారో అదొక్కటి చెప్పండి" అంది. కూటం గది గోడలు అదిరేలా నవ్వారు. పెల్టన్ గారు కూడా నవ్వి, ఆ నవ్వు మధ్యలోనే కళ్ళు తుడుచుకున్నాడు. ఆ ఏర్పాటు చేసిన ఇద్దరి పేర్లు నేను చెప్పను, వాళ్ళ మనవలు మన మధ్యే ఉన్నారు. కానీ అందరికన్నా పెద్దగా ఏడ్చింది వాళ్ళే.

నీల్స్ తాపీగా ఒక మాట అన్నాడు. ఎలాగూ కొండ మలుపు దాకా తవ్వేటట్టయితే ఇంకో రెండు వందల బారలు తవ్వండి, ఎగువ వాగు తగులుతుంది, దొంగతనాలే ఉండవు అని. మార్చిలో మంచు కరగగానే తవ్వారు. మొదటి పార మీ తాత వేశాడు, తన గోతిలోంచే. ఇప్పుడు మన పెరటి వెనక పారేది ఆ కాలవే. కాగితాల్లో దానికి ఎగువ కాలవ అని పేరు. మా కాలం వాళ్ళం మాత్రం పాపుల కాలవ అనే పిలుస్తాం. మీ తాతకు కొన్నాళ్ళు తనకు రావలసిన శిక్ష ఎవరో ఎగరేసుకుపోయారని దిగులుండేది. అలాంటప్పుడు తిర్జా అక్క పార చేతికిచ్చి, పూడిక తీసి రా, అదే నీ శిక్ష అనేది. డెబ్బై మూడేళ్ళు బతికాడు, పూడిక తీస్తూనే.

ఏమిటి? నేను లేచానా అనా?

ఆ గిన్నె ఇలా ఇవ్వు. నేను లేవలేదమ్మా. అదిగో ఆ ఆపిల్ చెట్టు. ఇక్కడికి బయలుదేరేటప్పుడు మా అమ్మ నా గౌను మడతలో కుట్టి ఇచ్చిన గింజ అది. నేను వచ్చిన ఏడాది మొలక జానెడు ఉండేది. ఊళ్ళో ఏదీ బతకని వేసవిలో ఆ మొలక ఎలా బతికిందని ఇన్నేళ్ళలో ఎవరూ అడగలేదు. అంతమందీ లేస్తుంటే నేను బల్ల అంచు పట్టుకుని కూర్చున్నాను. సగం శాలువా నా మీదే ఉంది, తిర్జా అక్క నా వైపు తిరగలేదు. కానీ చెట్టు కాపుకొచ్చాక, ప్రతి ఏటా మొదటి కాయ ఆమే కోసుకునేది. ఆ పన్ను లేని పక్క కాకుండా ఇటు పక్కతో కొరికి, "ఓవెసన్ నీళ్ళు ఎంత తియ్యగా ఉన్నాయే, హెటీ" అనేది. అంతే. చనిపోయిన ఏడు కూడా...

అదుగో, కాలవలో చప్పుడు, వినపడుతోందా. మన వంతు మూడింటికి. వెళ్ళి తూము ఎత్తు. ఆగు, ముందు లోపలికెళ్ళి గడియారం చూడు. మూడు కొట్టాకే ఎత్తు.